ఆ చిన్న బకాయి సంగతి: నగర విశ్వవిద్యాలయాల దాతలకు బహిరంగ లేఖ

నగర విశ్వవిద్యాలయాలకు విరాళాలిస్తున్న దాతలకు, ఇవ్వాలన్న ఆలోచనలో ఉన్న పూర్వ విద్యార్థులకు,

నమస్కారం.

ఒక నగర విశ్వవిద్యాలయం విద్యార్థి సహాయ విభాగంలో మొదట గుమస్తాగా, తర్వాత సూపరింటెండెంటుగా చాలా ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీవంటి వారి చెక్కులకు రసీదులు రాసిన చేయి ఇది. ఉద్యోగంలో ఉండగా ఈ ఉత్తరం రాయడం కుదిరేది కాదు. దాతలకు వెళ్ళే కాగితం మీద ధన్యవాదాలు తప్ప మరో మాట ఉండకూడదన్నది మా ఆఫీసులో ఎవరూ రాయకపోయినా అందరూ పాటించిన నియమం. ఇప్పుడు ఆ బెడద లేదు కాబట్టి, మీ డబ్బు ఎక్కడికి చేరిందో, ఎక్కడికి చేరలేకపోయిందో కౌంటరు ఇవతల కూర్చుని చూసిన మనిషిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక సెమిస్టరు ఫీజు గడువుకు ఆఖరి రోజు. సాయంత్రం నాలుగున్నర. ఐదు కొట్టగానే కంప్యూటరు బకాయి ఉన్నవాళ్ళ పేర్లు తనంతట తానే జాబితా నుంచి తీసేస్తుంది. చివరి సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి వచ్చి కౌంటరు మీద కవరు పెట్టింది. మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు ఇంకా అలాగే ఉంది. రాత్రిళ్ళు అక్కడ రిసెప్షన్‌లో పనిచేస్తుందట. కవరులో మడతలు విప్పి సరిచేసిన నోట్లు, అడుగున చిల్లర. మూడుసార్లు లెక్కపెట్టానంది. నాలుగోసారి నేను లెక్కపెట్టాను. తక్కువే. ఎంత తక్కువంటే, అంతకు ముందు వారం కొత్త సమావేశ మందిరం ప్రారంభోత్సవానికి మేము తెప్పించిన పూల ఖర్చులో సగం కూడా కాదు.

నిధుల జాబితా తెరిచాను. ఆ రోజు ఏడు నిధుల్లో డబ్బుంది. ఒకటి సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళకే. ఒకటి హాస్టల్లో ఉండేవాళ్ళకే, ఈమె ఇంటి నుంచి వస్తుంది. ఒకటి రెండో సంవత్సరంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాళ్ళకు. ఒకటి అన్ని సబ్జెక్టులూ ఒకేసారి చదివేవాళ్ళకు, ఈమె ఉద్యోగం కోసం ఒకటి తగ్గించుకుంది. ఇంకొకటి దాత చదువుకున్న బడిలోనే చదివి వచ్చినవాళ్ళకు. మిగిలిన రెండింటికీ దరఖాస్తు గడువు రెండు నెలల కిందటే ముగిసింది. పెట్టె నిండా డబ్బే, పెట్టెకు ఏడు తాళాలు, నా దగ్గరున్న ఏ చెవీ పట్టలేదు. ఐదయింది. ఆమె ఏడవలేదు, వాదించలేదు. కవరు తిరిగి ఇమ్మంది. డ్యూటీకి వెళ్ళే బస్సు తప్పిపోతుందని గబగబా మెట్లు దిగింది. మళ్ళీ రాలేదు. ఇంకో రెండు సెమిస్టర్లు గడిస్తే పట్టా చేతికి వచ్చేది.

ఆ ఏడుగురు దాతలూ మంచివాళ్ళే. ఇద్దరితో నాకు బాగా పరిచయం. ఒక్కొక్కరూ తమ బతుకులోని ఏదో ఒక తీపి గుర్తు కోసం, లేదా పోయిన మనిషి జ్ఞాపకం కోసం ఆ షరతు పెట్టుకున్నారు. విడివిడిగా చూస్తే ఒక్కదాన్నీ తప్పు పట్టలేం. అన్నీ ఒకచోట పరిచి చూస్తేనే తెలుస్తుంది, అవి కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కాలని. నగర విశ్వవిద్యాలయంలో చదివే మనిషి ఎవరో తెలియకుండా కుట్టినవి.

ఆ మనిషి ఎవరు? ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం చిహ్నం గుడ్లగూబ. అది రాత్రి బడిగా పుట్టింది కాబట్టి ఆ పక్షి. 1884లో రసెల్ కాన్‌వెల్ అనే మతబోధకుడు పగలంతా పనిచేసే యువకులకు సాయంత్రం పూట పాఠాలు మొదలుపెట్టాడు. తర్వాత దేశమంతా తిరిగి ఒకే ఉపన్యాసాన్ని 6,000 సార్లకు పైగా ఇచ్చి, వచ్చిన డబ్బును విద్యార్థుల చదువుల మీద పెట్టాడు. (ఆ ఉపన్యాసం ధనవంతులు కావడం ఎలా అన్న విషయం మీద కావడం వేరే తమాషా.) అంతకు ఆరు దశాబ్దాల ముందే, 1823లో, లండన్‌లో చేతిపనివాళ్ళ కోసం ఒక సంస్థ వెలిసింది. నేటి బర్క్‌బెక్ కళాశాల అదే. సాయంత్రం తరగతులకు ఇవాళ్టికీ దానికి పేరు. నగరంలోని విశ్వవిద్యాలయానికి మొదటి నుంచీ ఉన్న లక్షణం ఇది: అక్కడ విద్యార్థి చదువు కోసం ఊరు వదిలి రాడు, ఊరు మోస్తున్న బరువుతోనే తరగతికి వస్తాడు. ఇంటి అద్దె, తమ్ముడి బడి, తల్లి మందులు, షిఫ్టు వేళలు అన్నీ ఆ సంచిలోనే పుస్తకాల పక్కన ఉంటాయి. చదువు అతని రోజులో ఒక ముక్క. ఆ ముక్కను మిగతా రోజు మింగేయకుండా చూడటమే అసలు పని.

ఆ పనికి డబ్బిచ్చిన ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. మా గ్రంథాలయం రాత్రి తొమ్మిదికి మూసేవాళ్ళం. ఆయన ఒకసారి ఏదో పని మీద వచ్చి, మూసే వేళకు బయట అరుగు మీద వీధిదీపం కింద కూర్చుని చదువుకుంటున్నవాళ్ళను చూశాడు. పుస్తకాలు కొనిస్తానని అంటాడేమో అనుకున్నాం. ఒక పఠన మందిరాన్ని రాత్రంతా తెరిచి ఉంచడానికి ఎంత ఖర్చవుతుందని అడిగాడు. కాపలా మనిషి జీతం, కరెంటు, అర్ధరాత్రి దాటాక బస్టాండు దాకా దింపే ఒక వ్యాను. అంతే లెక్క. ఆ గదికి ఆయన పేరు లేదు, ఏ పేరూ లేదు. పరీక్షల ముందు ఒక రాత్రి నేను వెళ్ళి చూస్తే గోడల వెంట ఉన్న ప్లగ్గులన్నీ నిండి ఉన్నాయి. ఒక మూల రెండు కుర్చీలు ఎదురెదురుగా జరిపి, పైన శాలువా పరిచి, నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పడుకోబెట్టి ఒకావిడ లెక్కలు చేసుకుంటోంది. మా వార్షిక నివేదికలో ఆ గది ఫొటో ఎప్పుడూ రాలేదు. తీయడానికి అక్కడ అందమైనదేమీ లేదు మరి.

చిన్న బకాయి దగ్గరికి మళ్ళీ వస్తాను. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2011లో ఒక పని మొదలుపెట్టింది. బకాయి వల్ల పేరు కొట్టేయబోతున్న విద్యార్థుల ఖాతాలు తామే తిరగేసి, చదువు సవ్యంగా సాగుతున్నవాళ్ళను ఏరి, ఆ లోటు పూడ్చడం. గరిష్ఠంగా 2,500 డాలర్లు, సగటున 900 డాలర్ల దరిదాపు. అక్కడి ఫీజులతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు. చివరి సంవత్సరంలో అలా సాయం అందినవాళ్ళలో సగానికి మించి రెండు సెమిస్టర్లలోపే పట్టా పుచ్చుకున్నారు. నాకు బాగా నచ్చింది ఆ అంకె కాదు, అక్కడ విద్యార్థి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదన్న సంగతి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ సిగ్గుపడి అడగలేనివాళ్ళే మొదట మాయమవుతారని కౌంటరు దగ్గర కూర్చున్న ఎవరికైనా తెలుసు. పైగా లెక్కల ప్రకారం చూసినా ఇది దానం కాదు, తెలివి. ఒక విద్యార్థి వెళ్ళిపోతే రాబోయే సెమిస్టర్ల ఫీజు మొత్తం పోతుంది. ఆ నష్టం ముందు ఈ సాయం ఏపాటిది?

ఈ మాట చెప్పినప్పుడల్లా దాతల నుంచి నాకు ఎదురైన ప్రశ్న ఒకటే: అపాత్రదానం అయితే? అర్హత లేనివాళ్ళ చేతికి పోతే? పోదని ప్రమాణం చేయను. ఇన్నేళ్ళలో ఒకరిద్దరు మమ్మల్ని మోసం చేశారు. ఒకడు ఫీజు కట్టడానికని తీసుకుని ఫోను కొనుక్కున్నాడు. (ఆ తర్వాత డబ్బు చేతికివ్వకుండా నేరుగా ఖాతాలో జమచేయడం నేర్చుకున్నాం.) కానీ ఆ ఒక్కణ్ణి ఆపడానికని మేము పెట్టిన ధ్రువపత్రాలు, సంతకాలు, కమిటీలు ఎంతమంది నిజాయితీపరుల్ని ఆపాయో ఎవరూ లెక్క రాయలేదు. మోసపోతే ఆడిట్‌లో కనబడుతుంది. చదువు మానేసినవాళ్ళు ఏ ఆడిట్‌లోనూ కనబడరు.

2019లో అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాల స్నాతకోత్సవ వేదిక మీద రాబర్ట్ స్మిత్ అనే సంపన్న పెట్టుబడిదారు ఆ ఏడాది పట్టా తీసుకుంటున్న దాదాపు 400 మంది చదువు అప్పులన్నీ తాను తీరుస్తానని ప్రకటించాడు. 3.4 కోట్ల డాలర్లు అయింది. తల్లిదండ్రులు తెచ్చిన అప్పుల్ని కూడా అందులో కలపడం గొప్ప సంగతి. ఆ వీడియో చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అయినా ఆ రాత్రి నా ఆలోచన వేదిక దాకా రానివాళ్ళ మీదికే పోయింది. అప్పు మిగిలి, పట్టా మిగలనివాళ్ళ మీదికి. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2018లో అలాంటివాళ్ళను వెనక్కి పిలవడం మొదలుపెట్టింది. చదువు మధ్యలో వదిలేసి పాత బకాయితో ఇరుక్కున్నవాళ్ళు తిరిగి చేరితే 1,500 డాలర్ల వరకు దశలవారీగా మాఫీ చేస్తామంది. ఇలాంటిదానికి చప్పట్లు మోగవు. ఎందుకంటే వీళ్ళు ఒకరొకరుగా, తల వంచుకుని, ఏ మంగళవారం మధ్యాహ్నమో వస్తారు.

ఇక భవనాలు. మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

న్యూయార్క్ నడిబొడ్డున కూపర్ యూనియన్ ఉంది. ఏడాది పాటైనా సరిగా బడికి వెళ్ళని పీటర్ కూపర్ అనే పారిశ్రామికవేత్త, చదువు గాలీ నీళ్ళలా అందరికీ దొరకాలన్న పట్టుదలతో 1859లో దాన్ని తెరిచాడు. ఒక శతాబ్దానికి పైగా అక్కడ చేరినవాళ్ళు ఫీజు ఎరగరు. ఆ నగరంలో పేరుమోసిన ఆకాశహర్మ్యం క్రైస్లర్ భవనం కింద నేల ఆ సంస్థదే, దాని మీద వచ్చే రాబడే చదువులకు ఊపిరి. 2000 దశకంలో ఆ నేలనే తాకట్టు పెట్టి 17.5 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు, మెరిసే కొత్త భవనం కట్టారు. అది 2009లో తెరుచుకుంది. 2013లో ఫీజు పెట్టక తప్పదన్నారు. 2014లో చేరినవాళ్ళ నుంచి వసూలు మొదలైంది. విద్యార్థులు అధ్యక్షుడి గదిలో వారాల తరబడి బైఠాయించారు. భవనం ఒక్కటే కారణమని అనడం అన్యాయం. ఖర్చులు అంతకు ముందు నుంచే రాబడిని మించుతున్నాయి. కానీ ఉచిత చదువుకు తిరిగి చేరుకోవడానికి 2018లో ఆ సంస్థ వేసుకున్న ప్రణాళిక పదేళ్ళది. కట్టడం కంటే తిరిగి నిలబెట్టడం ఎంత కష్టమో చూడండి.

భవనాలు వద్దనడం లేదు. కారే కప్పు కింద నేనూ పనిచేశాను. కానీ భవనం ఇచ్చిన దాత దాని ముసలితనానికి కూడా డబ్బివ్వాలని మాత్రం గట్టిగా అంటాను. మా దగ్గర ఒక అందమైన ప్రయోగశాల లిఫ్టు చెడిపోయి పద్నాలుగు నెలలు ఆగింది. చక్రాల కుర్చీలో వచ్చే ఒక విద్యార్థి ఆ పద్నాలుగు నెలలూ మూడో అంతస్తు తరగతిని ఫోనులో విన్నాడు. కింద శిలాఫలకాన్ని మాత్రం ఏటా తుడిపించేవాళ్ళం. మరమ్మతుకు తన పేరు పెట్టించుకున్న దాత నాకింతవరకు కనబడలేదు. ఎప్పటికైనా ఒకరు వస్తే ఆ లిఫ్టు తలుపు మీద ఇత్తడి పలక నా ఖర్చుతో కొట్టిస్తాను.

పేరు గురించి అన్నాను కాబట్టి రూత్ గాట్స్‌మన్ గురించి చెప్పకుండా ఉండలేను. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో ఆమె దశాబ్దాలు పనిచేసిన అధ్యాపకురాలు. ఆ నగరంలో పేదరికం ఎక్కువగా ఉన్న భాగం అది. 2022లో చనిపోయిన భర్త ఆమెకు షేర్ల రూపంలో పెద్ద ఆస్తి వదిలి, ఏది సరైనదనిపిస్తే అది చేయమని చెప్పి వెళ్ళాడు. ఆమె 2024లో 100 కోట్ల డాలర్లు ఇచ్చి, ఆ కళాశాలలో ఇకపై ఎవరూ ఫీజు కట్టక్కర్లేకుండా చేసింది. ఏటా దాదాపు 59,000 డాలర్ల ఫీజు. ఆమె కోరిక: కళాశాల పేరు మార్చవద్దు. అంత డబ్బిచ్చి పేరు వద్దన్న మనిషిని చూసి ఐన్‌స్టైనే లేచి నిలబడి ఉండేవాడని మా ఆఫీసులో ఒకరన్నారు.

షరతులన్నీ చెడ్డవని నేనంటే అది అబద్ధం. గొప్ప షరతులు చరిత్రలో ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్ అనే వ్యాపారి 1873లో చనిపోతూ బాల్టిమోర్‌లో విశ్వవిద్యాలయానికీ ఆసుపత్రికీ కలిపి 70 లక్షల డాలర్లు వదిలి వెళ్ళాడు. విశ్వవిద్యాలయం వాటాలో ఎక్కువ భాగం ఒకే రైల్వే కంపెనీ షేర్లు. 1880ల చివర ఆ కంపెనీ డివిడెండ్లు నిలిచిపోవడంతో వైద్య కళాశాల తెరవడానికి డబ్బు లేకుండా పోయింది. అప్పుడు మేరీ ఎలిజబెత్ గారెట్ ముందుకొచ్చింది. ఆమె తండ్రి అదే రైల్వేకు అధ్యక్షుడిగా చేసినవాడు. కావలసిన 5 లక్షల డాలర్లలో 3 లక్షలకు పైగా ఆమే ఇచ్చి, మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళను చేర్చుకోవాలని మెలిక పెట్టింది. ధర్మకర్తలు గింజుకున్నారు, చివరికి తల వంచారు. 1893లో కళాశాల తెరిచినప్పుడు మొదటి తరగతిలోని 18 మందిలో ముగ్గురు స్త్రీలు.

కలకత్తా సంగతి ఇంకా దగ్గరిది. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ ఇద్దరూ న్యాయవాదులు. 1912, 1913 ప్రాంతంలో కలకత్తా విశ్వవిద్యాలయానికి లక్షల రూపాయల ఆస్తి రాసిచ్చారు. ఆ డబ్బుతో సైన్స్ కళాశాల వెలిసింది. ఆచార్య పదవులు భారతీయులకే ఇవ్వాలన్నది వాళ్ళ షరతు. అది పరాయి పాలన, పెద్ద ఉద్యోగాలన్నీ తెల్లవాళ్ళవే. 1917లో ఆర్థిక శాఖ ఉద్యోగం వదులుకుని పాలిత్ ప్రొఫెసరుగా చేరిన యువకుడు సి. వి. రామన్. తర్వాత 1930లో నోబెల్ వచ్చింది. మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ కూడా ఆ కళాశాలలోనే పాఠాలు చెప్పారు. ఒక షరతు ఒక దేశానికి శాస్త్రజ్ఞులను ఇచ్చిందంటే అతిశయోక్తి అనుకోను.

గారెట్ షరతుకూ, ఆ అమ్మాయిని ఆపిన ఏడు షరతులకూ తేడా నాకు ఇలా కనిపిస్తుంది. గారెట్, పాలిత్ మూసి ఉన్న తలుపు చూసి దాని మీద చేయి వేశారు. మిగతావాళ్ళు తెరిచే ఉన్న తలుపుకు గొళ్ళెం బిగించారు. మీ పత్రం మీద షరతు రాసే ముందు అది ఎవరిని లోపలికి తెస్తుందో ఒకసారి, ఎవరిని బయట నిలబెడుతుందో రెండుసార్లు అడగండి.

డబ్బు మెకానిజం గురించి కొంచెం విసుగు పుట్టించే మాట. విరాళాల్లో రెండు రకాలు. ఒకటి ఈ ఏడే ఖర్చుపెట్టే డబ్బు. ఇంకొకటి శాశ్వత నిధి, అంటే అసలు కదలకుండా పెట్టుబడిలో ఉండి, ఏటా వందకు నాలుగో ఐదో మాత్రమే ఖర్చుకు వస్తుంది. పెద్ద మొత్తమైతే శాశ్వత నిధి మర్రిచెట్టు లాంటిది, తరాలకు నీడ. చిన్న మొత్తమైతే పుస్తకాల ఖర్చుకు కూడా చాలని వడ్డీ రాలుతుంది, అయినా దానికి విడిగా ఖాతా, విడిగా నివేదిక, విడిగా ఎంపిక కమిటీ. అమ్మ పేరు నిలవాలని కష్టార్జితం తెచ్చిచ్చిన ఒకాయనకు ఈ లెక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉంటే ఆయన డబ్బు ఆ ఏడాదే ముప్పై మంది బకాయిలు తీర్చేది. ఇప్పుడది ఏటా ఒకరికి సగం ఫీజు తీరుస్తోంది. రెండూ మంచివే అనుకోండి. కానీ ఎంచుకునే హక్కు ఆయనది, ఆ హక్కు వాడుకునేంత సమాచారం మేమివ్వలేదు.

మరో సంగతి చాలామంది దాతలకు తెలియదు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో బయటి నుంచి విద్యార్థికి స్కాలర్‌షిప్ రాగానే, అంతకు ముందు సంస్థ ఇస్తున్న సాయంలో అంత మేర కోత పడుతుంది. మీరిచ్చింది పిల్లవాడి జేబులోకి కాక సంస్థ జేబులోకి పోయినట్టే. చెక్కు మీద సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్న సూటిగా అడగండి. జవాబు చెప్పడానికి ఎదుటివాళ్ళు నీళ్ళు నమిలితే, జవాబు మీకు అర్థమైనట్టే.

అన్నిటికన్నా నాకు సిగ్గు కలిగించే పని ఉత్తరాలు రాయించడం. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ళు దాతకు కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాయాలి. ఇందులో తప్పు లేదు, మనిషి మనిషికి చెప్పుకునే మాట. కానీ మేము ఆ ఉత్తరాలు చదివి, దిద్ది పంపేవాళ్ళం. ఒక కుర్రాడు నాలుగు వాక్యాలు రాశాడు: డబ్బు అందింది, హైడ్రాలజీ (నీటి శాస్త్రం) అంటే ఇష్టం, ఈ సెమిస్టరు వాన నీటి కాలువల మీద ప్రాజెక్టు చేస్తున్నాను, ధన్యవాదాలు. చక్కటి ఉత్తరం. మా పై అధికారి దాన్ని నా బల్ల మీదికి తిప్పి పంపుతూ అంచున పెన్సిలుతో 'ఇంటి పరిస్థితి కొంచెం రాయించండి' అని రాశాడు. నేను ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగాను. అతను కాసేపు కాగితం వంక చూసి, 'మా నాన్న గురించి రాస్తే డబ్బు ఎక్కువ వస్తుందా సార్?' అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ నాలుగు వాక్యాలే కవరులో పెట్టి అతికించేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన తిరుగుబాటు బహుశా అదొక్కటే. దాతగారు ఆ వాన కాలువల గురించి ఇంకా తెలుసుకోవాలని ఉందని తిరుగు జాబు రాశారు! మా అధికారికి ఆ జాబు చూపించలేదు. కన్నీళ్ళు కోరేది మీరు కాదని, మేమే మీ తరఫున కోరుతున్నామని నాకు అప్పుడు అనుమానం పుట్టింది. మీరే ఒక మాట రాసి పంపితే ఆ పద్ధతి రేపే ఆగిపోతుంది.

తక్కువిస్తే చిన్నతనం అనుకుని ఆగిపోయేవాళ్ళకు రెండు సంగతులు. ఆరో తరగతిలో బడి మానేసి జీవితమంతా ఇతరుల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిన ఒసియోలా మెకార్టీ అనే నల్లజాతి స్త్రీ, 1995లో తన 87వ ఏట, దాచుకున్న దాంట్లోంచి లక్షన్నర డాలర్లను తన ఊళ్ళోని సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయానికి స్కాలర్‌షిప్పుల కోసం రాసిచ్చింది. ఆమెను చూసి వందల మంది ఆ నిధికి తమ వంతు కలిపారు. న్యూయార్క్ మేయరుగా చేసిన వ్యాపారి మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2018లో జాన్స్ హాప్కిన్స్‌కు విద్యార్థుల సాయానికి 180 కోట్ల డాలర్లు ప్రకటించాడు. పట్టా పుచ్చుకున్న మరుసటి ఏడాది అదే సంస్థకు ఆయన ఇచ్చిన మొదటి విరాళం 5 డాలర్లు. ఆ 5 డాలర్లకు రసీదు రాసిన గుమస్తా ఎవరో గానీ, విసుక్కోకుండా రాసి ఉంటాడనే ఆశ.

ఇదంతా చెప్పాక ఒక చేదు మాట. మీ ఔదార్యం ప్రభుత్వాలకు సాకు కాకూడదు. హంగరీ నుంచి పారిపోయి 1957లో అమెరికా చేరిన ఆండ్రూ గ్రోవ్, న్యూయార్క్ సిటీ కాలేజీలో ఫీజు లేని చదువు చదివి 1960లో ఇంజనీరయ్యాడు. తర్వాత ఇంటెల్‌ను నడిపాడు. 2005లో ఆ కళాశాలకు 2.6 కోట్ల డాలర్లు ఇచ్చాడు. అక్కడి ఇంజనీరింగ్ విభాగానికి ఇప్పుడు ఆయన పేరే. అందమైన కథ. కానీ ఆయనకు చదువు చెప్పించింది ఏ ఒక్క దాతా కాదు, ఆ ఊరి జనం కట్టిన పన్నులు. 1847లో పేద పిల్లల కోసం స్థాపించిన ఆ కళాశాల తలుపులు, నగరం దివాలా అంచుకు చేరిన 1976లో ఫీజు గేటు వెనక్కి వెళ్ళాయి. ఆ ఏడాది తర్వాత వచ్చిన గ్రోవ్‌లు ఎవరో, ఎక్కడ ఆగిపోయారో మనకు తెలియదు. మీలో పలుకుబడి ఉన్నవాళ్ళు, మంత్రులతో కలిసి భోజనం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. చెక్కుతో పాటు ఆ పలుకుబడిలో కొంత కూడా ఖర్చుపెట్టండి. మీరు నిధి పెట్టిన ఏడాదే విశ్వవిద్యాలయానికి ప్రభుత్వ గ్రాంటు తగ్గితే, ఎందుకని అడగగలిగేది మీరు. మేము అడిగితే బదిలీ అవుతాం.

నా వినతి పెద్దదేమీ కాదు. మీరు ఇచ్చే దాంట్లో పదో వంతైనా, కుదిరితే ఇంకొంచెం, ఏ గొళ్ళెమూ లేకుండా వదిలేయండి. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో కౌంటరు దగ్గరున్న మనిషి అప్పటికప్పుడు తేల్చుకునేలా వదిలేయండి. సంవత్సరం చివర లెక్క అడగండి, పేర్లు అడగకండి. మేము తప్పు చేస్తే నిలదీయండి. భవనం కట్టిస్తే దాని లిఫ్టుకూ రాసివ్వండి. ఒకసారి, ముందుగా చెప్పకుండా, ఫీజు గడువు ఆఖరి రోజున సాయంత్రం నాలుగింటికి వచ్చి మా వరండాలో కూర్చోండి. టీ ఇవ్వం, దండ వేయం. ఆ గంట చూస్తే ఈ ఉత్తరం చదవనక్కర్లేదు.

నేను పదవీ విరమణ చేయడానికి కొద్ది నెలల ముందు ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. చదువుకునే రోజుల్లో తన బకాయి ఒకసారి ఎవరో తీర్చారని, ఎవరో తనకు తెలియదని, ఆ మొత్తం తిరిగి కట్టడానికి వచ్చానని అన్నాడు. అదృష్టం కొద్దీ ఆ ఏడాది మా దగ్గర షరతుల్లేని నిధి ఒకటి ఉండేది, దాంట్లోంచి తీర్చాం. తిరిగి కట్టేవాళ్ళ కోసం మా దగ్గర పద్దు లేదు కాబట్టి విరాళం ఫారం ఇచ్చాను. 'నిధి పేరు' అన్న గడిలో అడ్డగీత గీశాడు. 'ఉద్దేశం' దగ్గర ఆగి నా వంక చూశాడు. 'బకాయి అని రాయండి, సరిపోతుంది' అన్నాను. రాశాడు. 'షరతులు' దగ్గర చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించి, 'ఎవరికిచ్చారో నాకు చెప్పవద్దు' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ డబ్బు మూడో రోజే ఖర్చయిపోయింది. ఎవరికన్నది ఆయనకు చెప్పలేదు. మీకూ చెప్పను.

ఇట్లు,
ఒక నగర విశ్వవిద్యాలయం విద్యార్థి సహాయ విభాగంలో పనిచేసిన విశ్రాంత ఉద్యోగి